జిగురు మీద పసుపు

నన్ను ఈ బేస్‌మెంట్‌లో బంధించింది నా కూతురు రాధారాణి. ట్రైలర్ చక్రాలకు అంటించిన సీసపు ముక్కలు పీకి ఆ పని చేసింది. చేశానని తన నోటితో చెప్పింది. అల్లుడు పక్కనే ఉండి విన్నాడు. కాబట్టి ఇందులో వాదనకేమీ లేదు.

మేముండేది పరాయి దేశంలో, నోవై అనే మంచు ఊళ్లో. ఇల్లు కూతురిదీ అల్లుడిదీ. పైన ఒక గది వాళ్లకు, ఒకటి మనవరాలు నీహారికకు, ఒకటి అల్లుడి ఆఫీసు పనికి. నేనూ నా భార్య అనంతలక్ష్మీ కింద బేస్‌మెంట్‌లో ఉండేవాళ్లం. వెచ్చగానే ఉంటుంది. కార్పెట్ ఉంది, బాత్రూమ్ ఉంది. కిటికీ మాత్రం ఒక్కటే, పైకప్పుకు ఆనుకుని. బయటి నేల సరిగ్గా ఆ కిటికీ మట్టానికి ఉంటుంది. ఎండాకాలం గడ్డి మొదళ్లు కనిపిస్తాయి, చలికాలం మంచు కనిపిస్తుంది. మనుషులు వస్తే మోకాళ్ల దాకా కనిపిస్తారు.

అనంతలక్ష్మి ఆ గదిలోనే పోయింది. జనవరిలో, పట్టపగలు. కూతురూ అల్లుడూ ఆఫీసుల్లో ఉన్నారు. నేను బయట మంచు తోస్తున్నాను. లోపలికి వచ్చేసరికి మంచం పక్కన నేల మీద పడి ఉంది. తరువాత వాళ్లు మంచం మార్చారు. గది మార్చడానికి పైన చోటు లేదు. ఆమె పడి ఉన్న చోట ఇప్పుడు ఒక చిన్న బల్ల పెట్టారు. ఎక్కడ ఏం పెట్టినా ఆ చోటు నాకు తెలుసు.

నాకు కారు నడపడం రాదు. కందుకూరు దగ్గర పొగాకు పండించినవాణ్ణి. మా ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. నోవైలో కారు లేని మనిషి ఎక్కడికీ పోలేడు. వీధి చివరిదాకా నడిచి వెనక్కి తిరిగి రావాలి. చలికాలం అదీ లేదు.

ఆ ఇంట్లో నాకు పనికొచ్చేది ఒక్కటే ఉండేది, ట్రైలర్. రెండువేల తొమ్మిదిలో కార్ల కంపెనీలు కూలబడి జనం ఉన్నవన్నీ అమ్ముకుంటున్నప్పుడు అల్లుడు ఉమాకాంత్ దాన్ని చవగ్గా కొన్నాడు. రెండు చక్రాల మీద ఒక గది. మంచం, గ్యాసు పొయ్యి, సింకు, అల్మారాలు, నాలుగువైపులా కిటికీలు. ట్రక్కుకు తగిలించుకుని రెండు ఎండాకాలాలు సరస్సుల పక్కకు తీసుకెళ్లాడు. అనంతలక్ష్మి పొయ్యి ముందు నిలబడి కిటికీలోంచి నీళ్లు చూస్తూ ఉప్మా కలిపేది. ఈ దేశం వచ్చాక ఆమె పాట పాడగా విన్నది ఆ ట్రైలర్‌లోనే. ఆమె పోయాక దాన్ని ఊరవతల బండ్ల యార్డులో పడేశారు. ఇళ్ల ముందు పెట్టుకోవడానికి మా కాలనీ అసోసియేషన్ ఒప్పుకోదు.

అనంతలక్ష్మికి అన్న అయిన పరంధామయ్య దక్షిణాన, మంచు పెద్దగా పడని అల్ఫారెట్టా అవతల కొడుకు ఫణి దగ్గర ఉండేవాడు. నేనూ అతనూ ఒక బడిలో ఒక బల్ల మీద కూర్చున్నవాళ్లం. ఒకరోజు ఫోన్ చేశాడు.

"ఏరా బావా, అక్కడ పార పట్టుకుని ఆ మంచు తవ్వుతావెందుకు? ఇక్కడికొచ్చి నాతో పేకాడు."

"వచ్చి ఎక్కడుండాలి, నీ నెత్తి మీదా?"

"నా నెత్తి మీద కోడలుంది, ఖాళీ లేదు. పెరడు మాత్రం బోలెడంత ఉంది. మాకు ఏ అసోసియేషనూ లేదు, గేదెల్ని కట్టేసుకున్నా అడిగేవాడు లేడు. మీ అల్లుడి డబ్బా తెచ్చి పడెయ్యి. కరెంటు మావాడు లాగిస్తాడు."

"మీ కోడలు ఒప్పుకుందా?"

"ఇంట్లోకి రానంతవరకు ఎవరొచ్చినా ఒప్పుకుంటుందిరా. దేవత."

ఆ రోజు నుంచి నాకు వేరే ఆలోచన లేదు. నేల మీద ఉండే గది. నాలుగు కిటికీలు. తలుపు తీస్తే మట్టి. పలకరించడానికి మా ఊరి మనిషి. అల్లుడితో చెప్పాను. అతను వెంటనే సరేనన్నాడు. రాధ వద్దంది. వారం రోజులు ఇంట్లో అదే మాట.

"జనం ఏమనుకుంటారు నాన్నా? కన్నతండ్రిని డబ్బాలో పెట్టి పంపించారంటారు."

"ఇప్పుడు నేలలో పెట్టారు. దానికేమనుకుంటున్నారో అడిగిరా."

ఆమె ఏడ్చుకుంటూ పైకి వెళ్లిపోయింది. అల్లుడు అక్టోబరులో రెండు రోజులు సెలవు పెట్టాడు. ట్రైలర్ టైర్లు ఎండకు పగుళ్లు తీశాయి కాబట్టి కొత్తవి వేయించాలన్నాడు. వాటికి బ్యాలెన్సింగ్, అంటే చక్రం ఊగకుండా బరువు సరిచేసే పని, చేయించమన్నాను. మా ఊళ్లో ట్రాక్టర్లకూ లారీలకూ ఎవరూ చేయించేవాళ్లు కాదు. కానీ ఈ మనిషి కారుకు మాత్రం ఏటా చేయించడం చూశాను. కారుకు అవసరమైనది నా ఇంటికి ఎందుకు అవసరం లేదో నాకు అర్థం కాలేదు.

"ట్రైలర్ వీల్స్‌కి ఇక్కడ చాలామంది చేయించరు మామయ్యా," అన్నాడు. "లోపల ఎవరూ కూర్చోరు కదా. షేక్ అయితే మాత్రం తెలిసేదెవరికి?"

"నాకు తెలుస్తుంది."

"మీరు మాతో ట్రక్‌లో కూర్చుంటారు."

"దిగాక అందులోనే ఉంటాను అల్లుడుగారూ. పొయ్యి ఒక మూల, తలుపు ఒక మూల ఊడిపోయిన ఇంట్లో కాపురం చేయమంటారా?"

అతను కార్ల సీట్లు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. ఊగుడూ కుదుపూ అతని పనిలో భాగమే. "పాయింటే," అన్నాడు. "ఆ టైర్లు అసలు మొదటినుంచీ అంత గుండ్రంగా ఉండవు. చేయిద్దాం."

రాధ వంటింట్లోంచి అరిచింది. "అసలు వెళ్లొద్దు మొర్రో అని నేను నెత్తీనోరూ కొట్టుకుంటుంటే మీరిద్దరూ చక్రాలు సరిచేయించుకుంటారా?"

టైర్ల షాపుకు ముగ్గురం వెళ్లాం. రాధ ఎందుకు వచ్చిందో అప్పుడు అడగలేదు. అల్లుడు షాపువాడితో మెషీన్ దగ్గరకు వెళ్లాడు. నేను వాడు చెప్పేది తెలియక నిలబడితే రాధ ప్రతి మాటా తెలుగులో చెప్పింది.

"'అందులో ఎవరూ ఎక్కరు కదా, దండగ' అంటున్నాడు నాన్నా."

"ఒక ముసలాడు ఉండబోతున్నాడని చెప్పు."

ఆమె ఒక్క క్షణం ఆగి చెప్పింది. షాపువాడు నా వైపు చూసి, టోపీ సర్దుకుని, చక్రాలు విప్పాడు.

మెషీన్ మీద చక్రాన్ని నడిమి రంధ్రంతో బిగించి తిప్పితే ఒకచోట బరువు తక్కువని చూపించింది. విప్పి మళ్లీ బిగిస్తే ఇంకోచోట చూపించింది. అల్లుడు ఊరుకోలేదు. ట్రైలర్ చక్రం నడిమి రంధ్రం మీద నిలబడదు, బోల్టుల మీద నిలబడుతుంది, బోల్టు రంధ్రాలతోనే పట్టించి తిప్పమన్నాడు. షాపువాడు గొణుక్కుంటూ లోపలికి పోయి, వేళ్లలాంటి కడ్డీలున్న ప్లేటు ఒకటి తెచ్చాడు. దాంతో బిగించాక ఎన్నిసార్లు తిప్పినా ఒకేచోట చూపించింది. అప్పుడు రిమ్ము ఊచల వెనక జిగురున్న సీసపు ముక్కలు వరసగా అంటించాడు. మళ్లీ తిప్పితే చక్రం నీళ్లలా తిరిగింది. ఆ పని అల్లుడు సరిగ్గా చేయించాడు. చేసిన మేరకు చెప్పాలి.

"ఈ ముక్కలు లేకపోతే ఏమవుతుందో అడుగు," అన్నాను రాధతో.

ఆమె అడిగింది. వాడి జవాబు నాకు తెలుగులో చెప్పింది. "'బండి బోల్తా పడదు, టైరు పేలదు. లోపల సామాను వణికి వణికి స్క్రూలు వదులవుతాయి. ముందు ట్రక్కులో డ్రైవ్ చేసేవాడికి తెలియను కూడా తెలియదు' అంటున్నాడు."

గొంతులో ఏ తేడా లేదు. నేను ఆ గొంతు చాలాసార్లు గుర్తుచేసుకున్నాను.

బయలుదేరే రోజు సామాను ఎక్కించుకోవడానికని ట్రైలర్‌ను ఇంటి ముందుకు తెచ్చారు. రాధ పూజ చేస్తానంది. దూరప్రయాణానికి బండికి పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం మామూలే. భార్య పోయి నాకు ఏడాది తిరగలేదు, నేను ఆ పక్కకు పోకూడదు. పెళ్లయి ఇంటిపేరు మారిన పిల్ల కాబట్టి ఆమె చేయొచ్చు. "నువ్వు కిందే ఉండు నాన్నా, అయ్యాక పిలుస్తాను," అంది.

నేను కిందే ఉన్నాను. కిటికీలోంచి ఒక చక్రం కనిపిస్తోంది. ఆమె చీర కుచ్చిళ్లు, చేతులు కనిపిస్తున్నాయి. బకెట్‌లో నీళ్లతో చక్రం కడిగింది. తరువాత గోడల మీద రంగు గీకే చిన్న రేకు తీసుకుని చెయ్యి ఊచల మధ్యలోకి పెట్టింది. గీకింది. పక్కన స్టీలు గిన్నె ఉంది. అందులో ఏదో పడ్డ చప్పుడు వినిపించింది. మళ్లీ పడింది. ఎండిపోయిన బురద గీకుతోందనుకున్నాను. తల్లి పోలిక, మురికి ఓర్చుకోదు అనుకున్నాను. అలా అనుకుని సంతోషించాను కూడా. తరువాత గిన్నె పక్కకు తీసి, రెండు వేళ్లు పసుపులో ముంచి రాసింది.

దారిలో ట్రక్కు నున్నగా పోయింది. టొలీడో దాటాం. మొక్కజొన్న కోసేసిన చేలు రెండు పక్కలా. నేను వెనకసీట్లో కూర్చుని అద్దంలోంచి ట్రైలర్‌నే చూస్తున్నాను. పరంధామయ్య ఫోన్ చేశాడు.

"ఏరా, ఇల్లు వస్తోందా, దారిలో అమ్ముకుతిన్నారా?"

"వస్తోంది. పేకలు కలిపి పెట్టు."

"కలపడం దేనికి, ఓడేది నువ్వే కదా."

అనంతలక్ష్మి పోయాక నేను పైకి నవ్వింది అప్పుడే. రాధ ముందుసీట్లో తల తిప్పకుండా కూర్చుంది.

మధ్యాహ్నం డేటన్ ఇంకా రాకముందే, దారి పక్క ఆగే చోట బండి ఆపారు. టీ పెడతానన్నాను. నా పొయ్యి మీద నా చేత్తో మొదటి టీ. అల్లుడు గ్యాసు సిలిండర్ తెరిచి వచ్చాడు. తలుపు తీశాను.

అల్మారా తలుపు ఒకటి ఒక్క స్క్రూ మీద వేలాడుతోంది. ఇంకొకటి నేల మీద ఉంది. పళ్లేలు పగిలాయి. అనంతలక్ష్మి పోపుల డబ్బా మంచం మీద బోర్లాపడి, ఆవాలూ మెంతులూ దుప్పటి మడతల్లోకి పోయాయి. పొద్దున ఇవన్నీ నేనే సర్దాను. డబ్బా మూత బిగించి తువ్వాల చుట్టి మరీ పెట్టాను. అగ్గిపెట్టె కోసం వెతుకుతుంటే అల్లుడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"వెలిగించకండి! వాసన వస్తోంది. బయటికి రండి మామయ్యా, బయటికి!"

సిలిండర్ కట్టేసి వచ్చాడు. తలుపులూ కిటికీలూ బార్లా తెరిచాడు. చాలాసేపయ్యాక సబ్బునీళ్లు కలిపి, సిలిండర్ ఒక్క క్షణం తిప్పి, పొయ్యి వెనక గొట్టం అతుకు మీద పోశాడు. బుడగలు లేచాయి. అతుకు వదులైంది. తరువాత బయటికి వచ్చి చక్రం పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఊచల మధ్యలోకి చూశాడు. లేచి రెండో పక్కకు పోయి అక్కడా చూశాడు.

"వెయిట్స్ లేవు," అన్నాడు. "రెండింటికీ లేవు."

"దారిలో పడిపోయి ఉంటాయి," అంది రాధ.

"పడిపోతే జిగురు గుర్తు ఖాళీగా ఉండాలి. చూడు. జిగురు మీద పసుపు ఉంది."

నేనూ వంగి చూశాను. ఊచ వెనక ముక్కలు ఉన్నచోట పలకగా గుర్తు ఉంది. దాని మీదుగా రెండు వేళ్ల పసుపు తిన్నగా పోయింది. పసుపు రాసేనాటికే ముక్కలు అక్కడ లేవు.

"మురికి అనుకుని గీకేశాను," అంది. "పసుపు అంటుకోలేదు. నాకేం తెలుసు?"

"షాపులో వాడు చెప్పిందంతా నాకు తెలుగులో చెప్పింది నువ్వే," అన్నాను.

పక్కన ఒక తెల్ల కుటుంబం కుక్కను నడిపించుకుంటూ పోతూ మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది. అల్లుడు కూడా ఊపాడు. ఊపి, "రాధా?" అన్నాడు.

"అవును, కావాలనే తీశాను," అంది. "అల్మారాలు రెండు ఊడితే చాలనుకున్నాను. ఇందులో ఉండలేనని నాన్నే అంటాడనుకున్నాను. గ్యాస్ సంగతి నాకు తట్టలేదు. ఒట్టు, తట్టలేదు."

"అగ్గిపుల్ల గీసుంటే?" అన్నాడు అల్లుడు.

"తట్టలేదన్నాను కదా!" అరిచి నా వైపు తిరిగింది. "అమ్మ ఒక్కతే పోయింది నాన్నా. మనం ఇంతమందిమి ఉండీ ఒక్కతే పోయింది. నువ్వెళ్లి ఎవరి పెరట్లోనో డబ్బాలో పడుంటే, తెల్లారి ఎవరు తలుపు కొడతారు? ఎన్నాళ్లకు తెలుస్తుంది మాకు? మావయ్యకు మోకాళ్ల నొప్పులు. వాళ్ల కోడలు మనీషా బయటికే రాదు. నాకు నిద్ర పడుతుందా?"

నేను అల్లుణ్ణి అడిగాను. "బాగుచేసుకుని పోదాం. ఆ ముక్కలు ఇక్కడెక్కడైనా అంటించరా?"

"ముక్కలు అంటిస్తారు మామయ్యా. గ్యాస్ లైన్ మొత్తం విప్పి చూడందే నేను మిమ్మల్ని ఇందులో ఉండనివ్వలేను. ఎల్లుండి ఆఫీసులో ఉండాలి నేను. స్ప్రింగ్‌లో మళ్లీ వద్దాం. బాగుచేసి నేనే తెస్తాను."

పరంధామయ్యకు ఫోన్ చేశాను. ట్రైలర్ లేకుండా వస్తే ఇంట్లో చోటుంటుందా అని అడిగాను. నా జీవితంలో ఒకరింట్లో చోటు అడిగింది అదొక్కసారే.

"నేనే హాల్లో సోఫా మీద పడుకుంటున్నానురా బావా," అన్నాడు. "నీతో చెప్పలేదు."

బండి వెనక్కి తిప్పారు. అదే చేలు, ఈసారి అటుపక్కవి ఇటుపక్కన. నోవై వచ్చేసరికి చిన్నగా మంచు మొదలైంది. నేను మెట్లు దిగి గదిలోకి వచ్చి, ఆవాలు అంటుకున్న దుప్పటి దులిపి, మంచం మీద వేసుకున్నాను.

చలికాలమంతా ట్రైలర్ యార్డులో ఉంది. ఏప్రిల్‌లో అల్లుడు గ్యాసు గొట్టం కొత్తది వేయించాడు, చక్రాలకు మళ్లీ ముక్కలు అంటించి వాటి మీద టేపు వేయించాడు. అన్న మాట నిలబెట్టుకున్నాడు. అప్పటికి ఫణికి దేశం అవతలి కొసన సన్నీవేల్‌లో ఉద్యోగం వచ్చింది. పెరడుతో సహా ఇల్లు అమ్మేశారు. పరంధామయ్య ఇప్పుడు మూడో అంతస్తు అపార్ట్‌మెంట్‌లో ఉన్నాడు. ఫోన్‌లో పేకల మాట ఎత్తడు. అక్టోబరులో నేను అక్కడికి చేరి ఉంటే, మా ఇద్దరికీ ఒక చలికాలమన్నా ఉండేది. ట్రైలర్‌ను పోయిన వారం అమ్మేశారు. అప్పగించడానికి ఇంటి ముందుకు తెచ్చారు, కొన్నవాడు తీసుకుపోతుంటే కిటికీలోంచి చక్రాలు మాత్రం కనిపించాయి. చక్కగా తిరుగుతున్నాయి.

నేను రాధతో మాట్లాడటం లేదని మనవరాలికి తెలిసింది. "తాతా, అమ్మతో ఎందుకు మాట్లాడవు? అమ్మ సారీ చెప్పింది కదా," అంది.

"చెప్పింది."

"మరి?"

"హోంవర్క్ చేసుకో."

ఇవాళ పొద్దున రాధ కాఫీ తీసుకుని కిందికి వచ్చింది. కప్పుతో పాటు ఆ స్టీలు గిన్నె కూడా తెచ్చింది. అందులో సీసపు ముక్కలు ఉన్నాయి. పారెయ్యలేదట. వాళ్లమ్మ పడి ఉన్న చోట వేసిన బల్ల మీద రెండూ పెట్టి, మెట్టు మీద కూర్చుంది.

"ఒక్కసారి తిట్టు నాన్నా," అంది. "కొట్టు పోనీ. ఇలా ఉండలేకపోతున్నాను. నువ్వు బతికుండాలనే కదా చేశాను."

నేను కాఫీ తాగాను. కప్పు ఆమె చేతికిచ్చాను. గిన్నె కూడా ఇచ్చాను. ఆమె లేచి పైకి వెళ్లింది. మెట్ల మీద అడుగులు వినిపించాయి, తరువాత తలుపు.

నేను బతికే ఉన్నాను. ఆమె కోరుకున్నది ఆమెకు దక్కింది. కిటికీలో గడ్డి మొదళ్లు పచ్చబడుతున్నాయి. కాఫీ వస్తే తాగుతాను, అన్నం పెడితే తింటాను, మంచు పడితే తోస్తాను. ఈ సంగతి మాత్రం ఇంకెప్పుడూ మాట్లాడను. ఆమెతో కాదు, అల్లుడితో కాదు, అడిగినవాళ్లెవరితోనూ కాదు.